మిలటరీ డబ్బుతో ఎవరి చదువు?

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ముగిసే వేళకు ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లవాణ్ని నంద్యాలలో ఇంజనీరింగ్‌లో వేయాలా, డిగ్రీలో చేర్చాలా, లేక ఏదో ఒక పనిలో పెట్టాలా? కేసీ కాలువకు నీళ్లు వస్తాయో రావో, బ్యాంకులో బంగారం ఎప్పుడు విడిపించుకోవాలో, ఆడపిల్ల పెళ్లి ఈ ఏడా వచ్చే ఏడా, అన్నీ ఆ మాటల్లోకే వస్తాయి. 2022 తర్వాత ఆ చర్చలోకి ఇంకో దారి వచ్చి చేరింది. “నాలుగేండ్లు మిలటరీకి పోయొస్తే పదకొండు లచ్చలొస్తాయంట. ఆ పైన వాడు ఏం చదువుకుంటానన్నా చదువుకోనీ” అనేది ఇప్పుడు రచ్చబండ మీద వినపడే మాట.

సైన్యంలో పనిచేసి ఆ డబ్బుతో కాలేజీ చదువు చదవడం అమెరికాలో ఎనభై ఏళ్ల నాటి ఏర్పాటు. మన దగ్గర అది నిజంగా ఉందా, ఉంటే ఎవరికి ఉంది, ఎంతవరకు పనికొస్తుంది అన్నది ఈ సమీక్షలో చూడవలసిన సంగతి. విషయమంతా పరిశీలిస్తే ఒకటి తేటపడుతుంది. మన ప్రాంతంలో మిలటరీ డబ్బు చదువులకు ఉపయోగపడటం కొత్తేమీ కాదు. అయితే ఇన్నాళ్లూ అది సైనికుడి పిల్లల్ని చదివించింది. నాలుగేళ్ల సర్వీసు పెట్టిన అగ్నిపథ్ పథకం వచ్చాక ఆ భారం, ఆ అవకాశం రెండూ సైనికుడి సొంత చదువు మీదికి మళ్లాయి. డబ్బు మళ్లింది గానీ, దానికి తగిన కాలేజీ దారి మాత్రం ఇంకా వేయలేదు.

తండ్రి సర్వీసు, పిల్లల కాలేజీ

నంద్యాల నుంచి నల్లమల దాటితే గిద్దలూరు. ఆ గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు పల్లెల్లో మిలటరీ ఉద్యోగం తరాలుగా వస్తున్న ఆనవాయితీ. వాన లేక, కాలువ లేక, సేద్యం గిట్టని నేలల్లో నెలజీతం తెచ్చే ఉద్యోగం అదొక్కటే అయింది. అటు గోదావరి వైపు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్లారని చెబుతారు. ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, రుద్రవరం వైపు అంత దట్టంగా లేకపోయినా, మిలటరీ పింఛను మీద నిలబడ్డ ఇళ్లు ఇక్కడా ఉన్నాయి.

పాత పద్ధతిలో లెక్క ఇలా నడిచేది. కుర్రవాడు పదో తరగతి అయ్యాక పద్దెనిమిదేళ్లకు సిపాయిగా చేరతాడు. పదిహేనేళ్ల సర్వీసు దాటితే పింఛనుకు అర్హత వస్తుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్ల మధ్య ఇంటికి వచ్చేస్తాడు. అప్పటికి పిల్లలు బళ్లో ఉంటారు. పింఛను నెలనెలా వస్తుంటే ఆయన బ్యాంకులో గార్డుగానో, రైల్వేలోనో, రాష్ట్ర ప్రభుత్వంలోనో మాజీ సైనికుల కోటాలో రెండో ఉద్యోగం వెతుక్కుంటాడు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం, మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం కోటా ఉంది. మెట్రిక్ చదివి పదిహేనేళ్లు సర్వీసు చేసినవాణ్ని కొన్ని కేంద్ర ఉద్యోగాలకు డిగ్రీ చదివినవాడితో సమానంగా లెక్కించే నిబంధన కూడా ఎప్పటి నుంచో ఉంది. ఆయన కాలేజీ మెట్లెక్కకపోయినా, పిల్లలు కాలేజీకి వెళ్లే వయసుకు ఇంట్లో రెండు ఆదాయాలు ఉండేవి.

పిల్లల చదువుకు నేరుగా ఇచ్చే సాయాలు వేరే. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం 2006-07 నుంచి కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నడుస్తోంది. బీటెక్, ఎంబీబీఎస్, బీఎడ్, బీబీఏ వంటి వృత్తి కోర్సుల్లో చేరిన మాజీ సైనికుల పిల్లల్లో ఏటా 5,500 మందికి, అందులో సగం ఆడపిల్లలకు, కోర్సు పూర్తయ్యేదాకా సాయం అందుతుంది. మగపిల్లలకు నెలకు 2,500, ఆడపిల్లలకు 3,000 రూపాయలు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. ఇది కాక హవల్దారు, అంతకంటే కింది హోదాల్లో పదవీ విరమణ చేసినవారి పిల్లలకు, ఇద్దరి దాకా, విద్యా గ్రాంటు ఉంది. నెలకు వెయ్యిగా ఉన్న ఆ గ్రాంటును 2025లో రెండు వేలు చేశారు. యుద్ధంలో చనిపోయిన, అంగవైకల్యం పొందిన సైనికుల పిల్లల ఫీజు మొత్తం భరించే ఏర్పాటు 1971 యుద్ధం తర్వాత వచ్చింది. 2017లో దానికి నెలకు పది వేల పరిమితి పెట్టారు. విమర్శలు రావడంతో 2018లో ఎత్తేశారు.

మన ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనూ సైనికుల పిల్లలకు 2 శాతం సీట్లున్నాయి. క్యాప్ కోటా అంటే అదే. ఎన్‌సీసీకి 1 శాతం, క్రీడలకు అర శాతం ఉన్నట్టే ఇదీ. సర్టిఫికెట్ల పరిశీలన రోజు తండ్రి డిశ్చార్జి బుక్కు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం పట్టుకుని నిలబడే పిల్లలు ఏటా కనిపిస్తారు. తండ్రి చేసిన పదిహేనేళ్ల సర్వీసు కౌన్సెలింగ్‌లో సీటుగా మారేది అక్కడే.

నాలుగేళ్ల లెక్క

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. మొదటి నిబంధనల ప్రకారం పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల వయసువాళ్లను నాలుగేళ్లకు అగ్నివీరులుగా తీసుకుంటారు. ఆ తర్వాత నూటికి 25 మంది దాకా మాత్రమే శాశ్వత సర్వీసులో ఉంచుకుంటారు. మిగిలిన 75 మంది ఇంటికి.

జీతం మొదటి ఏడాది నెలకు 30 వేలు, తర్వాత వరసగా 33 వేలు, 36,500, 40 వేలు. అందులో 30 శాతం కోసి సేవానిధి అనే నిధిలో వేస్తారు. చేతికొచ్చేది మొదటి ఏడాది నెలకు 21 వేలు, నాలుగో ఏడాది 28 వేలు. నాలుగేళ్లలో కోసిన మొత్తం 5 లక్షల 2 వేలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి సుమారు 11 లక్షల 71 వేలు వస్తుందని మొదట్లో ప్రకటించారు. దీనికి ఆదాయపు పన్ను లేదు. మన పల్లెల్లో వినిపించే ‘పదకొండు లచ్చలు’ ఇదే. అందులో సగం ఆ కుర్రవాడి జీతంలోంచి కోసిందేనన్న సంగతి మాత్రం ఆ మాటల్లో సాధారణంగా వినపడదు.

ఇంతకంటే ముఖ్యమైన మార్పు వేరే ఉంది. అగ్నివీరుడిగా నాలుగేళ్లు చేసి బయటికొచ్చినవాడికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడి హోదా లేదు. ఈసీహెచ్ఎస్ వైద్యం లేదు, క్యాంటీన్ కార్డు లేదు. ఆ హోదా మీద ఆధారపడ్డ ప్రధానమంత్రి స్కాలర్‌షిప్, విద్యా గ్రాంటు, క్యాప్ కోటా రేపు అతని పిల్లలకు అందవు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో మాజీ అగ్నివీరులకు 10 శాతం కోటా, వయసు సడలింపు 2022లో ప్రకటించారు. అది ఉద్యోగానికి దారి. చదువుకు కాదు.

సేవ చేసిన కుటుంబానికి తరతరాల ఆధారం దక్కడం, ఏలుబడి మారగానే అది తెగిపోవడం ఈ నేలకు కొత్త కాదు. పాలెగాళ్ల కాలంలో కోయిలకుంట్ల, నొస్సం ప్రాంతాల్లో కట్టుబడులు ఊరి కాపలా, అవసరమైతే యుద్ధం చేసేవాళ్లు. దానికి బదులు వాళ్లకు మాన్యం భూములుండేవి. తండ్రి తర్వాత కొడుకు ఆ మాన్యం అనుభవించేవాడు. కంపెనీ పాలన వచ్చాక ఆ భూములు ఒక్కొక్కటే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డప్పుడు మాన్యాలు పోయిన కట్టుబడులు పెద్ద సంఖ్యలో ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీశారు. అగ్నిపథ్‌ను కంపెనీ పాలనతో పోల్చడం తగదు. ఇక్కడ షరతులు ముందే చెప్పారు, చేరడమూ చేరకపోవడమూ కుర్రవాడి ఇష్టం. కానీ సేవకు ప్రతిఫలం కొడుకు దాకా వస్తుందా, తండ్రితోనే ఆగిపోతుందా అన్న ప్రశ్న ఎంత బరువైనదో ఆ చరిత్ర చెబుతుంది.

2022 జూన్ 17న అగ్నిపథ్ మీద నిరసనల్లో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ మండిన రోజు వెనుక ఉన్నదీ ఆ బరువే. దేహదారుఢ్య పరీక్షలు నెగ్గి, రాత పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే ఎదురుచూసిన కుర్రవాళ్లే ఆ నిరసనకారుల్లో చాలామంది. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతం యువకుడొకరు చనిపోయాడు. కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు మిలటరీ ఆశే కాదు, పోలీసు ధ్రువీకరణ అడిగే ఏ ప్రభుత్వ ఉద్యోగమైనా కష్టమైపోయింది.

పదకొండు లక్షలు ఇంటికొస్తే

ఒక ఇల్లు అనుకుందాం. రెండెకరాల నేల. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఇంటర్ తర్వాత అగ్నివీరుడయ్యాడు, చిన్నది ఆడపిల్ల. సర్వీసులో ఉన్న నాలుగేళ్లు నెలకు పది, పన్నెండు వేలు ఇంటికి పంపాడు. బంగారం మీద తెచ్చిన అప్పు తీరింది, ఇంటికి స్లాబు పడింది. ఇరవై మూడో ఏట సేవానిధి అతని ఖాతాలో పడింది. అప్పటికి చెల్లెలికి ఇరవై. సంబంధాలు వస్తున్నాయి. బోరు ఎండిపోయి కొత్తది వేయాలి. ఆ డబ్బులోంచి మూడేళ్లు డిగ్రీ చదువుకుంటానని ఆ కుర్రవాడు ఇంట్లో అనగలడా? అన్నా, ఆ మూడేళ్లు ఇంట్లో నెలజీతం ఉండదు. నాలుగేళ్లు నెలనెలా డబ్బు పంపిన కొడుకు పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే, తల్లిదండ్రులు ఏమీ అనకపోయినా ఊరు అంటుంది.

ఒకేసారి చేతికొచ్చిన పెద్ద మొత్తం మన ఇళ్లలో ఎప్పుడూ ఒక పనికి కట్టుబడి ఉండదు. అది ఇంట్లో ఎక్కడ అవసరం ఎక్కువుంటే అక్కడికి పోతుంది. ఫీజు కట్టడానికి ఆ డబ్బు సరిపోదని కాదు. కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ ఫీజు కాలేజీని బట్టి ఏడాదికి సుమారు నలభై వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. నాలుగేళ్ల హాస్టలు ఖర్చు కలిపినా పదకొండు లక్షల్లో సర్దుకోవచ్చు. ఆ లెక్క కాగితం మీద కుదురుతుంది గానీ ఇంట్లో కుదరదు.

వయసు సంగతి ఇంకొకటి. ఇంటర్ ఎంపీసీ చదివి నాలుగేళ్లు బరాకుల్లో గడిపినవాడు మళ్లీ ఈఏపీసెట్ రాయాలి. ఫిజిక్స్, లెక్కలు మరిచిపోయి ఉంటాడు. పక్కన కూర్చునేవాళ్లకు పద్దెనిమిది. బీటెక్ ముగిసేసరికి ఇతనికి ఇరవై ఏడు. నంద్యాల పి.ఎస్.సి. అండ్ కె.వి.ఎస్.సి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరినా, పట్టా వచ్చేసరికి ఇరవై ఆరు.

సర్వీసులోనే డిగ్రీ

ఈ చిక్కుకు కొంత విరుగుడు పథకంలోనే ఉంది, కానీ దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. 2022లోనే మూడు దళాలతో ఒప్పందం కుదుర్చుకుని దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో అగ్నివీరుల కోసం మూడేళ్ల డిగ్రీ పెట్టింది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లలో సగం సైన్యంలో ఇచ్చిన శిక్షణ నుంచే వస్తాయి. మిగిలిన సగం భాషలు, ఆర్థిక శాస్త్రం, చరిత్ర, రాజనీతి, పర్యాటకం, వాణిజ్యం వంటి పాఠ్యాంశాల్లో చదివి పరీక్ష రాయాలి. మొదటి ఏడాదితో ఆగితే సర్టిఫికెట్, రెండో ఏడాదితో డిప్లొమా, మూడు పూర్తయితే బీఏ లేదా బీకాం. పదో తరగతితో చేరినవాళ్లు ఎన్‌ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి పూర్తి చేసుకునే వీలుంది.

సైన్యంలో ఇది కొత్త ఆలోచన కాదు. 2009లోనే ఇగ్నో, సైన్యం కలిసి జ్ఞానదీప్ పేరుతో సైనికుల శిక్షణకు విద్యార్హత కట్టే ప్రయత్నం చేశాయి. మన ఆంధ్రా యూనివర్సిటీ కూడా సైనికులకు, నావికులకు డిగ్రీ ఇచ్చే ఒప్పందాలు చేసుకుంది.

ఈ డిగ్రీ విలువ ఏమిటి? గ్రూప్-2కి గానీ, పోలీసు ఎస్‌ఐ పోస్టుకు గానీ ఏదైనా గుర్తింపు పొందిన డిగ్రీ ఉంటే చాలు. ఇగ్నో డిగ్రీ అందుకు చెల్లుతుంది. మన ఊళ్లలో డిగ్రీ చదివే చాలామంది గురి కూడా ఆ ఉద్యోగాల మీదే కదా. మొదటి ఏడాదే రిజిస్టరు చేసుకున్నవాడు నాలుగేళ్లు నిండేసరికి డిగ్రీతో పాటు బయటికి రాగలడు. మూడేళ్లు ఇంట్లో జీతం లేకుండా కూర్చోవలసిన అవసరం తప్పుతుంది. అగ్నిపథ్‌లో నిజంగా చదువు అనదగ్గ భాగం సేవానిధి కాదు, ఈ డిగ్రీయే.

లోటూ ఉంది. శిక్షణ, కాపలా, సరిహద్దు పోస్టింగు మధ్య పుస్తకం తెరిచే తీరిక ఎంత? మంచుకొండల మీద పోస్టులో ఉన్నవాడికి పరీక్ష కేంద్రం ఎక్కడ? ఎదుట మాస్టారు, తోటి విద్యార్థులు ఉండి చదివే చదువుకు దూరవిద్య సాటి రాదు. సాఫ్ట్‌వేరు కంపెనీల్లో, పై చదువుల ప్రవేశాల్లో దాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారన్నది వేరే సంగతి. అయినా చేతిలో ఉన్నది ఇదే.

సైన్యమే కాలేజీ అయ్యే చోట్లు

సైన్యం నేరుగా కాలేజీ ఖర్చు పెట్టే దారులు మన దేశంలో ఉన్నాయి. అవి ఆఫీసర్ల దారులు. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ఇంటర్ తర్వాత చేరితే మూడేళ్ల చదువుకు జేఎన్‌యూ డిగ్రీ వస్తుంది, చదువు ఖర్చు ప్రభుత్వానిదే. ఎంపీసీ చదివి జేఈఈ మెయిన్ ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకు సైన్యంలో టెక్నికల్ ఎంట్రీ, నావికాదళంలో ఎళిమల అకాడమీ బీటెక్ ప్రవేశం ఉన్నాయి. శిక్షణ అంతా ముగిసేసరికి లెఫ్టినెంటు లేదా దానికి సమానమైన హోదా, 56,100 మూల వేతనం. పుణేలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో నీట్ ద్వారా 145 ఎంబీబీఎస్ సీట్లు. బదులుగా సైన్యంలో డాక్టరుగా పనిచేస్తామని బాండు రాసివ్వాలి. మిలటరీ నర్సింగ్ సర్వీసులో ఆడపిల్లలకు ఏటా 220 బీఎస్సీ నర్సింగ్ సీట్లు. సుప్రీంకోర్టు 2021లో కల్పించుకున్న తర్వాత ఎన్‌డీఏలోకి అమ్మాయిలూ వచ్చారు. 2025 మేలో పదిహేడు మంది అమ్మాయిల తొలి జట్టు అక్కడ చదువు ముగించుకుంది.

సేవకు బదులు చదువు అన్న మాట అక్షరాలా ఇక్కడే నిజం. కానీ ఆళ్లగడ్డ జూనియర్ కాలేజీ కుర్రవాడికి ఈ దారి ఎంత దగ్గర? ఎన్‌డీఏ రాత పరీక్ష నెగ్గినా అయిదు రోజుల ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఉంటుంది. ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడాలి, గుంపులో చర్చించాలి, నాయకత్వం చూపాలి. ఇవి మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో నేర్పని విద్యలు. అందుకే విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి, చిత్తూరు జిల్లాలో ఉన్నప్పుడు 2014లో మొదలైన కలికిరి సైనిక్ స్కూలు నడుస్తున్నాయి. అయిదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష రాయించే తెలివిడి ఉన్న తల్లిదండ్రుల పిల్లలకే అవి దక్కుతాయి. ఆ పరీక్ష పేరు రైతు ఇళ్లలో తెలిసేసరికి పిల్లవాడు తొమ్మిదో తరగతి దాటిపోతాడు.

సిపాయి దారి మాత్రం అందరికీ తెలుసు. తెల్లవారకముందే నంద్యాలలో, ఆళ్లగడ్డలో పరుగెత్తే కుర్రవాళ్లకు ఆ కొలతలు కంఠతా వచ్చు. పదహారు వందల మీటర్లు అయిదున్నర నిమిషాల్లో దాటితే 60 మార్కులు. పది పుల్లప్‌లకు 40. తొమ్మిది అడుగుల గుంట దూకాలి. ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, ఊపిరి పీల్చితే మరో అయిదు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, తర్వాతే ర్యాలీ. 2025 నుంచి ఆ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. కర్నూలు, నంద్యాల జిల్లాలు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయం కిందికి వస్తాయి. ర్యాలీ కోసం నెలల తరబడి అకాడమీల్లో ఉండి శిక్షణ తీసుకునేవాళ్లు ఫీజు, తిండి ఖర్చు ముందే పెట్టుకుంటారు. ఆ అప్పు మొదటి ఏడాది జీతంలోంచే తీరాలి.

అమెరికాలో ఏం జరిగింది

1944 జూన్ 22న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన చట్టం జీఐ బిల్లుగా పేరుకెక్కింది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు ఏడాదికి 500 డాలర్ల దాకా కాలేజీ ఫీజు ప్రభుత్వం నేరుగా కాలేజీకే కట్టింది. దాంతో పాటు చదివినన్నాళ్లూ నెలనెలా బతుకు ఖర్చులకు భత్యం ఇచ్చింది. ఇరవై రెండు లక్షల మంది కాలేజీల్లో చేరారు. 1947 నాటికి అక్కడి కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే.

దీనికి చీకటి పార్శ్వమూ ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు తెల్లవాళ్ల కాలేజీల తలుపులు మూసే ఉన్నాయి. కాగితం మీద సమానంగా ఉన్న హక్కు స్థానికంగా ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల బుద్ధిని బట్టి అందింది. ఇప్పటి చట్టం 2009 నుంచి అమల్లో ఉంది. అది రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఫీజు మొత్తం భరిస్తుంది, ఇంటద్దె ఇస్తుంది, ఎక్కువకాలం సర్వీసు చేసినవాళ్లు ఆ హక్కును పిల్లలకు బదిలీ చేసుకోవచ్చు. అక్కడ కాలేజీ ఫీజు అప్పుల భయంతోనే చాలామంది సైన్యంలో చేరతారన్న విమర్శా ఉంది.

    

జీఐ బిల్లు కథలో మనం గమనించవలసిన విషయం డబ్బు ఎంతన్నది కాదు, ఎలా ఇచ్చారన్నది. ఫీజు కాలేజీకి పోయింది, భత్యం చదివినంతకాలమే వచ్చింది. చదువు మానేస్తే డబ్బు ఆగింది. అందువల్ల ఆ డబ్బు చెల్లెలి పెళ్లికి గానీ, బోరుకు గానీ పోయే వీల్లేదు. సేవానిధి దీనికి పూర్తిగా భిన్నం. అది స్వేచ్ఛగా వాడుకునే సొమ్ము. స్వేచ్ఛ మంచిదే గానీ, ఆ స్వేచ్ఛ ఇంటి అవసరాలదే, కుర్రవాడిది కాదు.

రీయింబర్స్‌మెంటు ఉన్న రాష్ట్రంలో

ఇంకో తేడా ఉంది. అమెరికా కుర్రవాడు ఫీజు కట్టలేక సైన్యంలో చేరతాడు. మన రాష్ట్రంలో పేదవాడి ఫీజు కట్టే ఏర్పాటు వేరే ఉంది. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించాక పల్లెటూరి పిల్లలు ఇంజనీరింగ్ కాలేజీల్లోకి వరదలా వచ్చారు. తర్వాత విద్యాదీవెన, వసతిదీవెన వచ్చాయి. ఏ ప్రభుత్వ హయాంలోనైనా ఏడాదికో రెండేళ్లకో బకాయిలు పేరుకోవడం, కాలేజీలు పిల్లల మీద ఒత్తిడి తేవడం, సర్టిఫికెట్లు ఆపడం మనకు అలవాటైన కథే. అయినా కాగితం మీదైనా పేదవాడి ఫీజు ప్రభుత్వానిదే.

అందుకే మన కుర్రవాళ్లు మిలటరీకి పోయేది ఫీజు కోసం కాదు. చదివే మూడు నాలుగేళ్లు ఇంటికి ఆదాయం లేకుండా ఉండలేక పోతారు. చదివినా ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేక పోతారు. నంద్యాలలో బీటెక్ చేసిన అన్న హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటూ ఇంటి నుంచే డబ్బు తెప్పించుకుంటుంటే, తమ్ముడు నెలకు ఇరవై ఒక్క వేలు తెచ్చే ఉద్యోగం వైపు చూడటంలో వింతేముంది? ఇక్కడ చాలామందికి సైన్యం చదువుకు దారి కాదు, చదువుకు బదులు. ఈ తేడా గుర్తించకుండా జీఐ బిల్లు లాంటిది కావాలని అడగడం వృథా.

ప్రాణం సంగతి

డబ్బు లెక్కల్లో ఎవరూ ముందుగా మాట్లాడని అంకె ఒకటుంది. అగ్నివీరుడు సర్వీసులో చనిపోతే 48 లక్షల బీమా. సర్వీసు కారణంగా చనిపోతే దానికి తోడు 44 లక్షల పరిహారం, మిగిలిన సర్వీసు కాలం జీతం, సేవానిధి. కుటుంబ పింఛను లేదు. వైకల్యం కలిగితే దాని శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు.

శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన మురళీ నాయక్ 2022లో అగ్నివీరుడిగా చేరాడు. 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో వీరమరణం పొందాడు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఆ గౌరవంలో లోపం లేదు. అయితే ఆ ఇంటికి రాష్ట్రం ప్రకటించిన సాయం ప్రభుత్వ నిర్ణయం వల్ల వచ్చింది, ఒక స్థిరమైన హక్కుగా కాదు. యుద్ధం లేనప్పుడు, కెమెరాలు లేనప్పుడు చనిపోయే కుర్రవాడి ఇంటికి రాష్ట్రం నుంచి ఏం దక్కుతుందన్నది విధానంలోనే రాసి ఉండాలి.

ఏం చేయవచ్చు

అగ్నివీరుల తొలి జట్లు 2022 చివర, 2023 మొదట్లో శిక్షణలో చేరాయి. 2027 నాటికి వాళ్లలో ఎక్కువమంది ఇళ్లకు తిరిగి వస్తారు. ఆ తర్వాత ఏటా వస్తూనే ఉంటారు. వాళ్లలో చదవాలన్న కోరిక ఉన్నవాళ్లకు దారి చూపించడం కేంద్రం ఒక్కదాని పని కాదు. రాష్ట్రం చేతిలో ఉన్నవే కొన్ని ఉన్నాయి.

క్యాప్ కోటా లాంటిదే, మాజీ అగ్నివీరులకు ఇంజనీరింగ్, డిగ్రీ, పాలిటెక్నిక్ ప్రవేశాల్లో చిన్న కోటా ఇవ్వవచ్చు. అది తండ్రి సేవకు పిల్లలకిచ్చేది, ఇది తన సేవకు తనకిచ్చేది. ఐటీఐ చదివినవాడికి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే వీలున్నట్టే, సైన్యంలో మెకానిక్‌గా, ఎలక్ట్రీషియన్‌గా శిక్షణ పొందినవాడికి కూడా ఆ వీలు కల్పించవచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంటులో వయసు, విరామం నిబంధనలను వీళ్లకు సడలించవచ్చు. చదివినంతకాలం నెలనెలా కొంత భత్యం ఇస్తే ఇంట్లో జీతం లేదన్న మాట వినపడదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు మాజీ సైనికులతో పాటు అగ్నివీరుల్నీ నమోదు చేసుకుని, సర్వీసులో ఉండగానే ఇగ్నో సంగతి వాళ్ల ఇళ్లకు చేరవేయవచ్చు. వీటిలో ఏదీ బడ్జెట్‌ను కుంగదీసేది కాదు.

ఇక ఇంట్లో కూర్చుని లెక్క వేసేవాళ్లకు. కుర్రవాడికి సైన్యం మీద మనసుంటే పంపండి, అది గౌరవమైన ఉద్యోగమే. చదువు మీద మనసుంటే ముందు రీయింబర్స్‌మెంటుతో వచ్చే సీటు చూడండి. మార్కులు, ధైర్యం ఉంటే ఎన్‌డీఏ, టెక్నికల్ ఎంట్రీ దరఖాస్తులు పెట్టించండి. ఇవేవీ కుదరక అగ్నివీరుడిగానే పంపితే, మొదటి సెలవుకు వచ్చినప్పుడు “జీతం ఎంత?” అన్న ప్రశ్నతో పాటు “ఇగ్నోలో చేరినావా లేదా?” అని కూడా అడగండి. పదకొండు లక్షలు చదువు చెబుతాయని మాత్రం అనుకోకండి. ఆ డబ్బుకు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉంటారు. డిగ్రీకి మాత్రం వాడొక్కడే హక్కుదారు.